ర్యాంకు స్తవం

ర్యాంకు మహాప్రభూ! నిన్ను తిట్టేవాళ్లకు కరువు లేదు. ఫలితాలు వచ్చిన రోజు నుంచి ఏ టీకొట్టు దగ్గర నిలబడినా నీ మీద శాపనార్థాలే. నేను మాత్రం నిన్ను స్తుతించడానికే కూర్చున్నాను. డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైనవాణ్ని. నీ వల్ల నాకు ఒరిగిందేమీ లేదు, ఇక నీతో పడాల్సిన పనీ లేదు. కాబట్టి ఇందులో ముఖస్తుతి ఉండదు. నువ్వు చేసినవే చెప్తాను, చేసినంత మేరకే చెప్తాను.

నీ మొదటి గుణం సమదృష్టి. నువ్వు రాకముందు ఇంజనీరింగ్ సీటంటే మాటలా? డొనేషన్ కట్టగలిగినవాడిది ఒక దారి, పెద్దవాళ్ల సిఫార్సు ఉత్తరం తెచ్చుకోగలిగినవాడిది ఇంకో దారి. ఆ రెండూ లేనివాడు మార్కుల జాబితా మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి పోయేవాడు. 1983లో క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్ చట్టం చేసింది. ఆ దశాబ్దంలోనే నువ్వు ఎంసెట్ రూపంలో వెలిశావు. అప్పటి నుంచి కలెక్టరు గారబ్బాయైనా, ఆ ఆఫీసులో అటెండరు గారమ్మాయైనా నీకు ఒక హాల్‌టికెట్ నంబరే. నిమిషం ఆలస్యమైతే ఇద్దరికీ గేటు మూసేశావు. బీడీలు చుట్టే తల్లుల పిల్లలు, సెలవుల్లో పత్తి ఏరిన పిల్లలు నీ చెయ్యి పట్టుకునే వరంగల్‌కూ కాకినాడకూ వెళ్లారు. తర్వాత యాజమాన్యాలు మేనేజ్‌మెంట్ కోటా పేరుతో పక్క తలుపు తీసుకున్నాయి. అది నీ తప్పు కాదు. కన్వీనర్ కోటాలో ఇప్పటికీ నీ మాటే చెల్లుతోంది. ఈ పొగడ్తను చివరిదాకా వెనక్కి తీసుకోను.

రెండో గుణం వేగం. మూడు గంటలు, 160 ప్రశ్నలు. అంటే ప్రశ్నకు 67 సెకన్లు, ఆపైన అర సెకను. ఆ కాస్త సేపట్లో పిల్ల ప్రశ్న చదవాలి, అది ఏ చాప్టరులోదో పోల్చుకోవాలి, నేర్చిన షార్ట్‌కట్ వెయ్యాలి, నాలుగింటిలో ఒకటి నొక్కాలి. లక్షల మందిని ఇంత తక్కువ రోజుల్లో వరసలో నిలబెట్టగలిగింది మన దగ్గర నువ్వొక్కడివే. ఆగి ఆలోచించే పిల్ల, ఒక లెక్కను రెండు రకాలుగా చేసి చూసుకునే పిల్లాడు, 'ఈ ప్రశ్నే సరిగ్గా లేదు సార్' అని లేచి నిలబడేవాడు ఆ 67 సెకన్లలో వెనకబడిపోతారు. వాళ్లు నీకు కనపడరు. కనపడనివాళ్లను నువ్వు చులకన చెయ్యవు కూడా. ఆ పని ఇళ్లలో తల్లిదండ్రులం, కాలేజీల్లో మాస్టర్లం చేస్తున్నాం.

నీ దయ ఇంకా గొప్పది. తప్పు సమాధానానికి నువ్వు మార్కు కొయ్యవు. అర్హత మార్కు ఉన్న అభ్యర్థులకు అది 25 శాతం, అంటే 160కి 40. నాలుగు ఆప్షన్లున్న ప్రశ్నలు 160 ఇచ్చి, ఒక్కటీ చదవకుండా కళ్లు మూసుకుని నొక్కుతూ పోతే సగటున ఎన్ని సరిపడతాయి? సరిగ్గా 40. ఏమీ తెలియనివాడి సగటు దగ్గరే నువ్వు గడప కట్టావు. ఇంజనీరు కావడానికి ఇంత ఉదారమైన ద్వారం పెట్టిన నిన్నే, ఆ ద్వారం వైపు రాని పిల్లలకు తెలివి లేదనడానికి సాక్ష్యంగా వాడుకుంటున్నాం.

ఆ ద్వారం లోపల చోటూ బాగానే పెరిగింది. 2008 నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. పేద పిల్లలు ఇంజనీరింగ్ గడప తొక్కగలిగారు, అది నిజంగా మంచి పని. దాని వెంటే కాలేజీలూ మొలిచాయి. కొన్నేళ్లలో ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగ్ కాలేజీల సంఖ్య 700 దాటింది. ల్యాబుల్లేని చోట్లా, పాఠం చెప్పేవాళ్లు లేని చోట్లా సీట్లు నిండాయి. ఎంత వెనకున్నవాడికైనా ఏదో ఒక కాలేజీ అలాట్ చేసి పంపావు. లోపల ఏముందో చూడడం నీ పని కాదు. చూడాల్సిన విశ్వవిద్యాలయాలు అఫిలియేషన్ కాగితం మీద సంతకం పెట్టి ఊరుకున్నాయి.

నిన్ను తెలివికి కొలత అంటున్నారు. ఆ కొలత చరిత్ర నాకు కొంచెం తెలుసు. 1905లో పారిస్‌లో ఆల్ఫ్రెడ్ బినే, థియొడోర్ సిమోన్ తెలివిని పరీక్షించే ప్రశ్నల వరస ఒకటి తయారుచేశారు. బడిలో ఏ పిల్లలకు అదనపు సాయం కావాలో తెలుసుకోవడం వాళ్ల ఉద్దేశం. వెనకబడినవాణ్ని గుర్తుపట్టి మాస్టారు వాడి పక్కన కూర్చోవడానికి పుట్టిన పరీక్ష అది. మన జూనియర్ కాలేజీల్లో ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. ఆదివారం వీక్లీ టెస్టు, సోమవారం గోడ మీద జాబితా, మంగళవారానికి సెక్షన్ మార్పు. మార్కులు తగ్గిన పిల్లాడు పుస్తకాలు చంకన పెట్టుకుని కింది సెక్షన్‌కు దిగిపోతాడు. మంచి లెక్చరర్లు పై సెక్షన్‌లోనే ఉండిపోతారు. సాయం ఎవరికి ఎక్కువ కావాలో వాళ్లకే తక్కువ దొరుకుతుంది. నీ పేరు మీదే, నీ కోసమే ఇదంతా జరుగుతోంది.

కొలిచేది తెలివినా, తర్ఫీదునా అన్న అనుమానం కొత్తది కాదు. నల్లకుంటలో చుక్కా రామయ్య గారు ఐఐటీ పాఠాలు చెప్పే రోజుల్లో, ఆయన దగ్గర చేరడానికి ఒక ప్రవేశపరీక్ష ఉండేది. ఆ పరీక్షకు కోచింగ్ ఇవ్వడానికి వేరే కేంద్రాలు పుట్టాయి. మెట్టు కింద మెట్టు, దాని కింద ఇంకో మెట్టు. ఇప్పుడు ఆ మెట్లు ఆరో తరగతి ఫౌండేషన్ కోర్సు దాకా దిగాయి. పదకొండేళ్ల పిల్లకు ఆటల పీరియడ్ తీసేసి ఐఐటీ పుస్తకం ఇస్తున్నారు. కోచింగ్ కొనగలిగిన ఇంటికీ కొనలేని ఇంటికీ మధ్య దూరం పెరుగుతోంది. ఆ రెండిళ్ల పిల్లలకూ ఒకే ప్రశ్నపత్రం ఇచ్చి నువ్వు నీ సమదృష్టి నిలబెట్టుకుంటున్నావు.

ఇక అసలు పొగడ్తకు వస్తాను. మహాప్రభూ, నువ్వు బీఏ జోలికి రాలేదు. అది నీ ఔదార్యాలన్నిటిలోకీ పెద్దది. ఎంపీసీ నీది, బైపీసీ నీది. చరిత్ర, అర్థశాస్త్రం, పౌరశాస్త్రం, తెలుగు, తత్త్వశాస్త్రం మాకు వదిలేశావు. నువ్వు ఏరుకోగా మిగిలినవాళ్లను మాకు పంపావు. మేం ఎవరినీ ఎంచుకోనక్కర్లేదు, ఎవరినీ పరీక్షించనక్కర్లేదు. ఇంటర్ పాసై ఆన్‌లైన్‌లో ఆప్షన్ పెట్టుకుంటే చాలు, సీటు ఉంది. చాలా చోట్ల సీటు ఉంది, పిల్లలే లేరు.

దాని ఫలితం నేను దగ్గర నుంచి చూశాను. పేరున్న ప్రైవేటు జూనియర్ కాలేజీ బోర్డు ఒకసారి చదివి చూడు. ఎంపీసీ, బైపీసీ, మహా అయితే ఎంఈసీ. హెచ్ఈసీ అన్న మూడక్షరాలు కనపడవు. ద్వితీయ భాషగా తెలుగు తీసుకుంటే మార్కులు తగ్గుతాయని పిల్లల్ని మూకుమ్మడిగా సంస్కృతంలో కూర్చోబెడతారు. సంస్కృతం మీద ప్రేమ ఉంటే నాకూ సంతోషమే. పరీక్షయ్యాక ఆ పిల్లల్లో ఒక శ్లోకానికి అర్థం చెప్పగలిగేవాళ్లు ఎందరో ఆ కాలేజీలకే తెలుసు. మే, జూన్ నెలల్లో ప్రభుత్వ డిగ్రీ కాలేజీల లెక్చరర్లు కరపత్రాలు పట్టుకుని ఊళ్లమ్మట తిరుగుతారు. నేనూ తిరిగాను. అరుగు మీద కూర్చున్న పెద్దాయన కరపత్రం తిరగేసి, 'బీఏ చదివితే ఏమొస్తది సారూ?' అని అడుగుతాడు. అతనిది నిజమైన ప్రశ్న. పదెకరాల ఆసామి అయినా, కౌలు రైతు అయినా అడగాల్సిన ప్రశ్నే. మాకు మేం వేసుకోవాల్సిన ప్రశ్న ఇంకొకటుంది. బీఏ పట్టా పుచ్చుకున్న పిల్లాడికి మేం ఏమిచ్చాం?

నిజం చెప్పాలంటే చాలామందికి గైడు ఇచ్చాం. ఆల్ ఇన్ వన్ గైడులో ప్రశ్నకు ఒక పేజీన్నర జవాబు ఉంటుంది. పరీక్షకు ముందు పది ప్రశ్నలు ముఖ్యమని గుర్తు పెడతారు. పిల్లలు ఆ పేజీన్నర వల్లె వేసి దింపుతారు. మూడేళ్లలో ఒక్క చరిత్ర పుస్తకం మొదటి నుంచి చివరిదాకా చదవని పిల్లాడు చరిత్రలో పట్టభద్రుడై బయటికొస్తాడు. ఏడాదంతా రాసిన వ్యాసాల్లో ఒక్కదాని మీదైనా, 'ఈ వాక్యానికి ఆధారం ఏది?' అని ఎర్రసిరాతో రాసిన మాస్టారు ఉండరు. ఉన్న మాస్టారు గెస్ట్ లెక్చరరు. పీరియడ్‌కు ఇంత అని జీతం, అదీ నెలల తరబడి బాకీ. ఇలాంటి పట్టాలు ఎందుకు, ఆ డిగ్రీలు ఎత్తేస్తే పోలేదా అని అనేవాళ్లున్నారు. చరిత్ర కావాలంటే లైబ్రరీలో చదువుకోవచ్చు కదా అంటారు. చదువుకోవచ్చు. కానీ పుస్తకం మనతో వాదించదు. మనం రాసిన పేరా తప్పని చెప్పదు. తరగతిలో పక్కవాడు మన అభిప్రాయాన్ని కాదన్నప్పుడు ఆధారం తెచ్చి చూపించాల్సి వస్తుంది. ఆ అలవాటు కోసమే విశ్వవిద్యాలయం, దానికి గుర్తే పట్టా. అలవాటు నేర్పకుండా గుర్తు మాత్రం పంచిన తప్పు విశ్వవిద్యాలయాలది. నీది కాదు, మహాప్రభూ.

నువ్వు ఏరుకున్న పిల్లలు ఏమయ్యారో కూడా చెప్పాలి. హైదరాబాద్‌లో ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దాటి అశోక్‌నగర్ సందుల్లోకి వెళ్లి చూడు. రీడింగ్ రూముల్లో అర్ధరాత్రి దాకా దీపాలు వెలుగుతుంటాయి. లోపల కూర్చుని ప్రభుత్వ ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్లలో బీటెక్ వాళ్లకు లెక్కే లేదు. వాళ్ల ముందున్నది సర్క్యూట్లు కాదు. భారత రాజ్యాంగం, తెలంగాణ చరిత్ర, ఆర్థిక సర్వే. పదహారేళ్లప్పుడు హెచ్ఈసీ వద్దని ఇంట్లో బెదిరిస్తే ఎంపీసీలో చేరి, నాలుగేళ్లు ఇంజనీరింగ్ చదివి, ఇరవై నాలుగేళ్లకు హెచ్ఈసీ దగ్గరికే వచ్చారు. గ్రూప్-1 మెయిన్స్‌లో జనరల్ ఎస్సే 150 మార్కులు, తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం మరో 150. అక్కడ నాలుగు ఆప్షన్లు ఉండవు, తెల్లకాగితం ఉంటుంది. తెల్లకాగితం చూసి చెమటలు పట్టే పిల్లల్ని నేను చూశాను. డిగ్రీ చదువు తెలుగులో అందాలని 1968లో తెలుగు అకాడమీ పెట్టారు. అది వేసిన బీఏ చరిత్ర పుస్తకాల కోసం ఇప్పుడు వరస కడుతున్నది ఈ ఇంజనీర్లే. 2017 సివిల్స్‌లో దేశంలో మొదటి ర్యాంకు తెచ్చుకున్న మెట్‌పల్లి యువకుడు దురిశెట్టి అనుదీప్ బిట్స్ పిలానీ ఇంజనీరు. ఆయన ఆప్షనల్ ఆంత్రొపాలజీ. ఆ విజయం గొప్పదే. కానీ దేశాన్ని పాలించేవాళ్లకు మనిషి గురించిన చదువు అవసరమని ప్రభుత్వమే పరీక్ష పెట్టి చెప్తుంటే, ఆ చదువును పద్దెనిమిదేళ్ల పిల్లలకు పనికిరానిదిగా ఎందుకు చూపిస్తున్నాం?

అశోక్‌నగర్‌లోనే ఒకబ్బాయి నన్ను అడిగాడు. 'సార్, మోటుపల్లి అభయ శాసనం గణపతిదేవుడిదే కదా, రుద్రమదేవిది కాదు కదా?' గణపతిదేవుడిదే అన్నాను. టిక్ పెట్టుకుని తర్వాతి బిట్‌కు వెళ్లిపోయాడు. ఆ మార్కు అతనికి వచ్చి ఉంటుంది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మోటుపల్లి ఇప్పటి బాపట్ల జిల్లా తీరంలో ఉంది. 1244లో కాకతీయ గణపతిదేవుడు వేయించిన ఆ శాసనం అక్కడి వీరభద్రస్వామి ఆలయంలో ఉంది. తుపానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా అంతకుముందు రాజులు లాక్కునేవారు. బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ. మేం అలా చెయ్యం, ప్రాణాలకు తెగించి సముద్రం దాటి వచ్చే వర్తకుల దగ్గర నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోం అని గణపతిదేవుడు రాతి మీద మాట ఇచ్చాడు. దాన్ని చదవగానే ఎన్ని ప్రశ్నలు లేస్తాయి! నడిమధ్య ఓరుగల్లులో కూర్చున్న రాజుకు తీరంతో ఏం పని? గుర్రాలు కావాలా, సుంకం కావాలా? దయ అని శాసనంలో రాసుకున్నది దయేనా, లెక్కా? ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడా? కొన్ని దశాబ్దాల తర్వాత మార్కో పోలో ఆ తీరం గురించి రాసిందాంతో దీన్ని ఎలా కలిపి చదవాలి? పెట్టుబడి పెట్టేవాళ్లకు భరోసా ఇవ్వాలని ఇవాళ రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ చెప్పే మాటకు ఏడున్నర శతాబ్దాలకు పైబడిన మూలం మన నేల మీదే ఉంది. ఈ ప్రశ్నలు వేసుకోవడమే చరిత్ర చదవడం. ఎవరు వేయించారన్నది ఆ చదువులో మొదటి అడుగు మాత్రమే. నువ్వు ఆ మొదటి అడుగుకే మార్కు ఇచ్చి పంపించేస్తావు.

మా విశ్వవిద్యాలయాలు ఎప్పుడూ ఇలాగే ఉండేవా అంటే, కాదు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టినప్పుడు దాని మొదటి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి. కవి, విమర్శకుడు. ఆయన తర్వాత వచ్చినవాడు సర్వేపల్లి రాధాకృష్ణన్, తత్త్వశాస్త్రం చదివినవాడు. అదే విశ్వవిద్యాలయంలో మల్లంపల్లి సోమశేఖరశర్మ గారు చరిత్ర చెప్పారు. ఆయనకు డిగ్రీ లేదు. ఊరూరా తిరిగి శాసనాలు చదివారు, రెడ్డిరాజుల చరిత్ర రాశారు, ముసునూరి నాయకుల కథ వెలికితీశారు. ఆయన రాసినది చదివి విశ్వవిద్యాలయం ఆయన్ను పిలిచింది. మనిషి చేసిన పనిని చదివి, ఆ పనిలో తెలివిని గుర్తుపట్టడం అంటే అది. ఆయన్ను నీ ముందు కూర్చోబెడితే, మహాప్రభూ, నీ నిష్పక్షపాతం ప్రకారం ఆయనకు ఏ సీటూ వచ్చి ఉండేది కాదు.

ఇన్నాళ్లూ వదిలేసిన చోటికి కూడా ఈ మధ్య నువ్వు వేంచేశావు. సెంట్రల్ యూనివర్సిటీల్లో 2022 నుంచి సీయూఈటీ అనే ఉమ్మడి ప్రవేశపరీక్ష వచ్చింది. మరుసటి ఏడాది నుంచి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎంఏ చదవాలన్నా సీయూఈటీ పీజీ రాయాల్సిందే. కవిత్వం మీద, చరిత్ర మీద పరిశోధన చేయబోయే పిల్లలను కూడా నాలుగు ఆప్షన్లతోనే ఎంచుతున్నావు. అర్హులు కానివాళ్లను మిగతా చోట్ల చాలామందిని ఆపావు. ఇక్కడ మాత్రం రాయగలిగినవాడినీ రాయలేనివాడినీ వేరుచేయగల ఒక్క పని, అంటే రాయించడం, నీకు చేతకాదు.

తెలివిని చూసి పిల్లల్ని తీసుకోవాలా అంటే, తీసుకోవాలి. ముఖ్యంగా బీఏలో తీసుకోవాలి. అయితే ఏ తెలివి కావాలో ముందు తేల్చుకోవాలి. మనం వేరే రకంగా ఎంపిక చెయ్యలేని జాతి ఏమీ కాదు. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో ట్రిపుల్ ఐటీలు పెట్టినప్పుడు ప్రవేశపరీక్ష పెట్టలేదు. పదో తరగతి మార్కులు చూశారు. తర్వాత గ్రేడ్ల రోజుల్లో ప్రభుత్వ బడిలో చదివిన పిల్లల జీపీఏకు 0.4 అదనంగా కలిపారు. కోచింగ్ లేని పల్లె నుంచి పిల్లలు వచ్చారు. హ్యుమానిటీస్‌కు ఆపాటి బుర్ర పెట్టడానికి ఒక్క విశ్వవిద్యాలయానికీ తీరిక దొరకలేదు.

వైస్ ఛాన్సలర్లను అడుగుతున్నాను. బీఏ ఆనర్స్ సీట్లకు ఒక గంట రాతపరీక్ష పెట్టండి. ఒక పత్రికా వార్త, ఒక శాసనం అనువాదం, ఒక కథలో రెండు పేరాలు ఇచ్చి ఏం అర్థమైందో, ఏది నమ్మబుద్ధి కాలేదో రాయమనండి. తెలుగులోనైనా, ఉర్దూలోనైనా, ఇంగ్లిష్‌లోనైనా రాయనివ్వండి. పేపరు మీద పేరు దాచండి. ఇద్దరు మాస్టర్లు విడివిడిగా దిద్దాలి, తేడా వస్తే మూడోవాడు చూడాలి. గ్రూప్-1 జవాబుపత్రాలు దిద్దిన తీరు మీద 2025లో హైకోర్టు దాకా నడిచిన గొడవ నాకు తెలుసు. చేతిరాత దిద్దడం కష్టం, అనుమానాలకు తావిస్తుంది. అందుకే దిద్దే పద్ధతిని బహిరంగంగా పెట్టండి, దిద్దినవాళ్లకు శిక్షణ ఇవ్వండి, ఖాళీ పోస్టులు భర్తీ చెయ్యండి. కష్టమని మానేస్తే సిఫార్సు ఉత్తరాలు తిరిగి రావు గాని, ఆలోచించే పిల్లలు కూడా రారు. ర్యాంకు నేర్పిన సమదృష్టిని పేరు దాచడంలో నిలబెట్టండి. దాని తొందరను మాత్రం తరగతి గదిలోకి రానివ్వకండి.

తల్లులకూ తండ్రులకూ ఒక మాట. జూన్‌లో మీ ఇంట్లో అమ్మాయో అబ్బాయో బీఏలో చేరతానంటే బెదిరించకండి, ప్రవేశపరీక్షలో ఎంత ర్యాంకు వస్తుందో చూసి మాట్లాడదామని వాయిదా వెయ్యకండి. ఈ మధ్య చదివిన ఒక పుస్తకం గురించి ఒక పేజీ రాసి చూపించమనండి. ఆ పేజీ మీరిద్దరూ కూర్చుని చదవండి. అది బాగుంటే చేర్పించండి.